ప్రార్థన బాగానే జరిగింది, నేనే అక్కడ లేను

రెండేళ్ళ కింద ఒక సాయంత్రం హాస్పిటల్లో ఒక పెద్దావిడ మంచం పక్కన నిలబడి ప్రార్థన చేస్తున్నాను. మా సంఘంలో చాలా ఏళ్ళుగా ఉన్న మనిషి, ఇంక ఎక్కువ రోజులు ఉండదని డాక్టర్లు చెప్పేశారు, పిల్లలందరూ చుట్టూ నిలబడ్డారు, ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ప్రార్థన చాలా బాగా జరిగింది. 23వ కీర్తన నుంచి ఒక మాట, యోహాను 14 నుంచి ఒక మాట వచ్చాయి, గొంతు ఎక్కడ తగ్గాలో అక్కడ తగ్గింది, అందరూ కళ్ళు తుడుచుకుంటూ ఆమేన్ అన్నారు. అదంతా జరుగుతున్నంతసేపూ నేను లోపల ఏం ఆలోచిస్తున్నానంటే, ఫోన్ ఛార్జర్ ఆఫీసులో మర్చిపోయానా, బ్యాగులో పెట్టుకున్నానా అని.

ఆవిడ చిన్న కొడుకు నా రెండు చేతులూ పట్టుకుని అన్నా మీరు ప్రార్థన చేస్తే ధైర్యం వచ్చింది అన్నాడు. దేవునికే మహిమ అన్నాను. ఆ మాట కూడా దానంతటదే వచ్చేసింది. బయటికొచ్చి మెట్లు దిగుతూ మధ్యలో ఆగిపోయాను. ఇవాళ అలసిపోయాను కాబట్టి ఇలా అయింది అనుకుందామని చూశాను, కుదరలేదు, ఎందుకంటే ఇది చాలా కాలంగా ఇలాగే నడుస్తోందని నాకు తెలుసు, ఆ రోజు నా చెయ్యి పట్టుకున్న ఆ చెయ్యి వల్ల నాకు దొరికిపోయింది అంతే.

నా గురించి కొంచెం చెప్పాలి. అప్పటికి 14 ఏళ్ళుగా సంఘంలో వాక్యం చెప్తున్నాను, సండే స్కూల్, యవనస్థుల కూడిక, ఉపవాస ప్రార్థన అన్నిట్లో ఉన్నాను, నా మీద ఎవరికీ ఏ కంప్లైంటూ లేదు. పెద్ద పాపంలో పడిపోయినవాడికి కనీసం తను పడ్డానని తెలుస్తుంది, చుట్టూ ఉన్నవాళ్ళకీ తెలుస్తుంది, ఎవరో ఒకరు చెయ్యి అందిస్తారు. నాలాగా నిలబడే నిద్రపోయేవాడికి ఎవరు చెప్తారు? దేవుడిచ్చిన బలానికి గుర్తుగా జుట్టు కత్తిరించుకోని సమ్సోను గురించి న్యాయాధిపతులు 16:20లో ఒక మాట ఉంది, దెలీలా అనే ఆవిడ మోసం చేసి తల గొరిగించిన తర్వాత నిద్ర లేచి "ఎప్పటియట్లు" బయలుదేరి విడిపించుకుంటాను అనుకున్నాడు, యెహోవా తనను విడిచిపెట్టాడని అతనికి తెలియలేదు. ఆ కథ చెప్పినప్పుడల్లా నేను దెలీలా గురించే చెప్పేవాడిని, జుట్టు గురించే చెప్పేవాడిని. ఆ ఎప్పటియట్లు అన్న మాట దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు. నా పరిచర్య మొత్తం ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది, ఎప్పటిలాగే ఆదివారం, ఎప్పటిలాగే మెసేజ్, ఎప్పటిలాగే కన్నీళ్ళు.

ఆ రాత్రి ఇంటికొచ్చి బైబిల్ తెరిచాను. చదవడానికి కాదు, చూద్దామని తెరిచాను. నేను బాప్తిస్మం తీసుకున్న ఏడాది కొన్న బైబిల్ అది, అంచుల్లో అన్నీ నా రాతలే. పాత రాతలు పెన్సిల్‌తో ఉన్నాయి, అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఒక చోట "ప్రభువా ఇది నేనే" అని ఉంది, ఇంకో చోట ఏమీ రాయకుండా తేదీ ఒక్కటే వేసి ఉంది, ఆ తేదీన ఏం జరిగిందో నాకు ఇంకా గుర్తుంది. కొత్త రాతలన్నీ పెన్నుతో ఉన్నాయి, నీట్‌గా ఉన్నాయి. మొదటి పాయింట్, రెండో పాయింట్, యూత్‌కి చెప్పాలి, ఇక్కడ ఉదాహరణ. పేజీలు తిప్పుతూ పోయాను, నాకోసం నేను గీసుకున్న చివరి గీత ఎక్కడుందా అని. దాదాపు ఆరేళ్ళ వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. ఆరేళ్ళుగా నేను బైబిల్ చదివింది వేరేవాళ్ళ కోసమే, తినకుండా వడ్డిస్తూ ఉన్నాను, వడ్డించేవాడి చేతులకి కూడా కూర వాసన ఉంటుంది కాబట్టి నేను కూడా తిన్నాననే అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

అన్నిటికన్నా నన్ను కుదిపేసింది లవొదికయ నోట్స్. ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో లవొదికయ అనే ఊరి సంఘానికి ప్రభువు రాయించిన ఉత్తరం ఉంది, నువ్వు చల్లగానూ లేవు వేడిగానూ లేవు, నులివెచ్చగా ఉన్నావు అని. దాని మీద నేను రెండు వారాలు పాఠం చెప్పాను, బోర్డు మీద మ్యాప్ గీసి మరీ చెప్పాను. హియెరాపొలిలో వేడి నీటి బుగ్గలు, కొలొస్సయిలో చల్లటి నీళ్ళు, రెండూ పనికొచ్చేవే, లవొదికయకి మాత్రం పైపుల్లో దూరం నుంచి వచ్చే నీళ్ళు, తవ్వకాల్లో బయటపడిన ఆ పైపుల్లో సున్నం గట్టిగా పేరుకుపోయి ఉంది. క్రీ.శ. 60లో భూకంపం వచ్చి ఊరు కూలిపోతే రోము సహాయం లేకుండా సొంత డబ్బుతోనే తిరిగి కట్టుకున్నారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు, అలాంటి ఊళ్ళో ఉన్న సంఘం "నాకేమియు కొదువలేదని" చెప్పుకోవడంలో ఆశ్చర్యం ఏముంది అని కూడా చెప్పాను. పాఠం బాగుందని అందరూ అన్నారు. ఆ నోట్స్ అంచున నేను సంఘంలోని ముగ్గురి పేర్లలో మొదటి అక్షరాలు రాసుకున్నాను, ఈ మాట వాళ్ళకి తగలాలి అని. నా పేరు ఎక్కడా లేదు. పైపులో సున్నం గురించి అంత వివరంగా చెప్తూ ఆ పైపు నేనే అని తెలియని స్థితిని ఏమంటారో అదే వచనంలో ఉంది, గ్రుడ్డివాడు అని.

సరే, ఇంక నన్ను నేను పరీక్షించుకోవాలి అని డిసైడ్ అయ్యాను. అక్కడ కూడా తప్పుగానే మొదలుపెట్టాను, ఈ సంగతి వివరంగా చెప్తాను ఎందుకంటే చాలామంది ఇక్కడే తిరిగి అదే గోతిలో పడతారనిపిస్తుంది. ఒక నోట్‌బుక్ తీసి 12 ప్రశ్నలు రాశాను. ఏకాంత ప్రార్థన ఎంతసేపు, అబద్ధం ఆడానా, కోపం వచ్చిందా, చూపు ఎలా ఉంది, డబ్బు విషయం ఎలా ఉంది, ఇలా. రోజూ రాత్రి ఒక్కోదానికి పదికి ఇన్ని అని మార్కులు వేసుకోవడం. మొదటి వారం నాలుగులు ఐదులు వచ్చాయి, రెండో వారానికి ఏడులు, మూడో వారం ఒక రోజు మొత్తం యావరేజ్ ఏడున్నర వచ్చింది, నాకు సంతోషం వేసింది. ఆ సంతోషం ఉంది చూడండి, అది లూకా 18లో యేసు చెప్పిన కథలోని పరిసయ్యుడి సంతోషం, ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే మనిషి అతను. అతను కూడా గుడికి వచ్చి చేసింది ఆత్మపరిశీలనే కదా. వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదన అంతటిలో పదో వంతు, లెక్కలన్నీ కరెక్టే, ఆ మాటకొస్తే ధర్మశాస్త్రం అందరికీ తప్పనిసరిగా పెట్టింది ఏడాదికి ఒక్క ప్రాయశ్చిత్త దినమే, ఇతను ఏడాదికి వంద రోజులు పైనే చేస్తున్నాడు. లెక్కపెట్టడానికి వీలైనవన్నీ లెక్కపెట్టుకున్నాడు. దూరంగా నిలబడ్డ సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, అతని దగ్గర లెక్కే లేదు, రొమ్ము కొట్టుకుని "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాడు, అంతే. నీతిమంతుడిగా ఇంటికి వెళ్ళింది ఆ లెక్క లేనివాడే. నేను నోట్‌బుక్ మూసేశాను. ప్రశ్నలు చెడ్డవి కావు, ఇప్పటికీ అంటాను అవి మంచి ప్రశ్నలే అని, కానీ పరీక్ష రాసేదీ నేనే, పేపర్ దిద్దేదీ నేనే అయితే ఫెయిల్ ఎలా అవుతాను?

తర్వాత 139వ కీర్తన దగ్గర చాలా రోజులు ఉండిపోయాను. దావీదు మొదటి వచనంలోనే నువ్వు నన్ను పరిశోధించి తెలుసుకున్నావు అంటాడు, మళ్ళీ చివర 23లో "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అని అడుగుతాడు. ఆల్రెడీ తెలుసుకున్న దేవుణ్ణి తెలుసుకోమని అడగడం ఏంటి అని నాకు ఎప్పుడూ డౌట్ ఉండేది. ఈసారి దానికి ముందు ఏముందో చూశాను. 19 నుంచి 22 దాకా శత్రువుల మీద కోపం, నిన్ను ద్వేషించేవాళ్ళని నేనూ ద్వేషిస్తున్నాను, వాళ్ళు నాకు శత్రువులు అని చాలా గట్టిగా చెప్తున్నాడు. దేవుడి పక్షాన నిలబడి, ఎదుటివాళ్ళ తప్పు స్పష్టంగా కనపడుతున్న ఆ క్షణంలోనే ఆగి, నన్ను చూడు అంటున్నాడు, నీకు ఆయాసకరమైన మార్గం నాలో ఉందేమో చూడు అని. ఎదుటివాడి తప్పు బాగా కనపడుతున్నప్పుడే మన లోపల చీకటి ఎక్కువ ఉంటుందని దావీదుకి తెలిసినట్టుంది.

నేను చేసింది చాలా సింపుల్. రాత్రి అందరూ పడుకున్నాక ఆ రెండు వచనాలు చదివి 20 నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కూర్చోవడం. నాలాంటివాడికి అది ఎంత కష్టమో చెప్పలేను, నాకు మాటలే పని, మౌనంగా ఉంటే లోపల మళ్ళీ మెసేజ్ తయారవుతుంది, ఈ అనుభవాన్నే యూత్ మీటింగ్‌లో ఎలా చెప్పాలి అని పాయింట్లు వస్తాయి. నాలుగైదు రోజులు అంతే. ఆరో రోజో ఏడో రోజో ఒక ముఖం వచ్చింది.

మా సంఘంలో ఒక తమ్ముడు, నాకంటే వయసులో చిన్న. ఆరేళ్ళ కింద ఒక విషయంలో అందరి ముందు నా మాట కాదని మాట్లాడాడు, అతను చెప్పిందే కరెక్టని తర్వాత తేలింది. అప్పట్లోనే అతన్ని క్షమించానని చెప్పాను, అతనితో కూడా చెప్పాను, సాక్ష్యంలో కూడా చెప్పాను. కాబట్టి ఆ ముఖం ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. రెండో రోజు మళ్ళీ అదే ముఖం, ఈసారి దాంతోపాటు ఒక మీటింగ్ గుర్తొచ్చింది. యవనస్థులకి వాక్యం చెప్పడానికి ఎవర్ని పెడదాం అని మాట్లాడుతుంటే ఎవరో అతని పేరు చెప్పారు, అందరూ నా వైపు చూశారు. నేను ఒక్క క్షణం ఆగి, కొంచెం గొంతు తగ్గించి, "ప్రార్థన చేద్దాం" అన్నాను. అంతే. ఒక్క చెడ్డ మాట అనలేదు. అతని పేరు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఏదో ఉంది, అన్నకి తెలుసు, చెప్పట్లేదు అని అందరికీ అర్థమైపోయింది, అలా అర్థం కావాలనే నేను అన్నాను.

ప్రార్థన అన్న మాటతో ఒక మనిషిని తొక్కేశాను. నా 12 ప్రశ్నల్లో ఏ ప్రశ్నకీ ఇది దొరకదు, ఎందుకంటే నేను అబద్ధం ఆడలేదు, కోప్పడలేదు, చాడీ చెప్పలేదు. ఆ రాత్రి దావీదు రాజు దగ్గరికి ప్రవక్త నాతాను రావడం గుర్తొచ్చింది. దావీదు ఊరియా భార్య బత్షెబని తీసుకుని, ఊరియాని యుద్ధంలో చంపించాడు. నాతాను వచ్చేటప్పటికి బత్షెబకి బిడ్డ పుట్టేశాడు, అంటే తక్కువలో తక్కువ తొమ్మిది నెలలు గడిచిపోయాయి, అన్ని నెలలూ రాజు సింహాసనం మీదే ఉన్నాడు, తీర్పులు తీరుస్తూనే ఉన్నాడు, ధనవంతుడు లాక్కున్న పేదవాడి గొర్రెపిల్ల కథ నాతాను చెప్పగానే న్యాయం కోసం మండిపడ్డాడు కూడా. న్యాయం మీద రోషం చచ్చిపోలేదు, తన విషయంలో ఒక్కటే అది పనిచెయ్యలేదు. "ఆ మనుష్యుడవు నీవే" అనేదాకా.

తర్వాత నా భార్యని అడిగాను. ఇది అన్నిటికంటే కష్టమైన పని, మీరు ఎవరైనా చెయ్యాలనుకుంటే ఒక షరతు ముందే పెట్టుకోండి, ఎదుటివాళ్ళు చెప్పింది విని థాంక్స్ చెప్పాలి అంతే, వివరణ ఇవ్వకూడదు. నాలో దేవుడితో నడక గురించి నీకేం కనపడుతోంది, నిజం చెప్పు అన్నాను. తను చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఇంట్లో ప్రార్థన చేసినా మీరు మీటింగ్‌లో చేసినట్టే చేస్తారండీ, అందుకే నేను ఆమేన్ అంటాను గానీ మీతో కలిసి ప్రార్థన చేసినట్టు నాకు ఉండదు. నా బాధ ఏదైనా ఉంటే మీరు లేనప్పుడు చేసుకుంటాను" అంది. ఎప్పటి నుంచి అని అడగబోయి ఆగాను. థాంక్స్ కూడా సరిగ్గా చెప్పలేకపోయాను.

సార్దీస్ పట్టణం గురించి చదివింది ఆ తర్వాత నాకు బాగా అర్థమైంది. ఆ కోట నిటారుగా ఉన్న కొండ మీద ఉండేది, ఎవరూ ఎక్కలేరు అనుకున్న వైపు కాపలా పెట్టలేదు, క్రీ.పూ. 546లో పారసీక రాజు కోరెషు సైన్యం ఆ వైపు నుంచే ఎక్కింది, మళ్ళీ మూడు వందల ఏళ్ళ తర్వాత మూడో ఆంటియోకస్ అనే గ్రీకు రాజు మనుషులు కూడా అలాగే కాపలా లేని చోట ఎక్కి పట్టుకున్నారు. ఒకే ఊరు, ఒకే తప్పు, రెండుసార్లు. అదే ప్రకటన 3లో ఆ ఊరి సంఘానికే ప్రభువు నువ్వు మెలకువగా ఉండకపోతే దొంగలా వస్తాను అన్నాడు. నాకు తెలిసిన బలహీనతల దగ్గర నేను ఎప్పుడూ కాపలా పెట్టుకునేవాడినే, ఫోన్ విషయంలో జాగ్రత్త, డబ్బు విషయంలో జాగ్రత్త. ప్రార్థన నా బలం అని అందరూ అనేవాళ్ళు, అక్కడ కాపలా పెట్టాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఇదంతా బయటపడ్డాక నేను బాగుపడ్డాననుకుంటారేమో, లేదు, ఇంకా కిందకి పోయాను. సుమారు నెలన్నర చాలా ఘోరంగా గడిచింది. ప్రతిదీ అనుమానమే, ఈ పశ్చాత్తాపం కూడా నటనేనా, అసలు నేను ఎప్పుడైనా రక్షణ పొందానా, 14 ఏళ్ళు చెప్పిందంతా ఉత్తిదేనా అని. ఒకప్పుడు లోపలికి తొంగి చూడనివాడిని ఇప్పుడు అక్కడి నుంచి బయటికి రాలేకపోయాను. ప్రభువు బల్ల, అంటే ఆరాధనలో ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం మానేశాను రెండు నెలలు. రిటైర్ అయిన ఒక పాస్టర్ గారు, పెద్దాయన, అది గమనించి ఇంటికి రమ్మన్నారు. అంతా చెప్పాను. ఆయన ఓదార్చలేదు, తిట్టలేదు, ఏం వచనం నిన్ను ఇంత భయపెడుతోంది అన్నారు. 2 కొరింథీ 13:5 అన్నాను, మీరు విశ్వాసంలో ఉన్నారో లేదో పరీక్షించుకోండి అన్నది. పైన మూడో వచనం చదువు బాబూ అన్నారు. చదివాను. క్రీస్తు నీ ద్వారా మాట్లాడుతున్నాడనడానికి రుజువు ఏంటి అని కొరింథువాళ్ళు పౌలుని అడుగుతున్నారు. వాళ్ళని పరీక్షించుకోమన్నది వాళ్ళని బయటికి తోసేయడానికి కాదు, యేసుక్రీస్తు మీలో ఉన్నాడని మీకు మీరే తెలుసుకుంటారు అన్న నమ్మకంతో అడిగిన మాట అది అని చెప్పారు. ఇన్నిసార్లు చదివినా ఆ మూడో వచనం నేను ఎప్పుడూ చూడలేదు.

తర్వాత ఆయన ప్రకటన 3:20 తీయమన్నారు. ఇదిగో నేను తలుపు దగ్గర నిలబడి తట్టుతున్నాను. సువార్త కూడికల్లో ఆ వచనం ఎన్నిసార్లు చెప్పావు అన్నారు. లెక్కలేనన్నిసార్లు అన్నాను, మారుమనస్సు పొందనివాళ్ళకి, మీ హృదయం తలుపు తీయండి అని. ఇది ఎవరికి రాసిన ఉత్తరం అన్నారు. సంఘానికి. ప్రకటనలో ఉత్తరాలు అందుకున్న ఏడు సంఘాల్లో స్ముర్నకి, ఫిలదెల్ఫియకి తప్పు పట్టిన మాట లేదు, లవొదికయకి మెచ్చుకున్న మాట ఒక్కటీ లేదు, ఆ ఒక్క మాట కూడా దొరకని సంఘం గుమ్మం దగ్గరే ఆయన నిలబడి భోజనానికి వస్తాను అంటున్నాడు. నేను ప్రేమించేవాళ్ళనే గద్దిస్తాను అన్నది దాని పై వచనమే. పెద్దాయన ఇంక ఏమీ చెప్పలేదు. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను, ఆ ఏడుపు సభలో వచ్చే ఏడుపు కాదు, ముక్కు కారిపోయి మాట రాని ఏడుపు. తర్వాతి బల్ల ఆరాధనలో తీసుకున్నాను.

మూడు నెలలు వాక్యం చెప్పనని పాస్టర్ గారితో చెప్పాను. ఏదో పాపం బయటపడిందని కొందరు అనుకున్నారు, అనుకోనిచ్చాను, ఒక రకంగా అది నిజమే. ఆ తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. ప్రైజ్ ద లార్డ్ అన్నా అన్నాడు మామూలుగానే. మీటింగ్‌లో ఏం జరిగిందో, ప్రార్థన చేద్దాం అని ఎందుకన్నానో ఉన్నదున్నట్టు చెప్పాను, "నిన్ను బాధపెట్టి ఉంటే క్షమించు" అనే టైపులో కాదు, ఇది కావాలనే చేశాను అని చెప్పాను. అతను కింద చూస్తూ, "నాకు ఆ రోజే తెలిసింది అన్నా, ఆ మీటింగ్‌లో ఉన్న ఒకాయన చెప్పారు" అన్నాడు. అంటే అన్నేళ్ళూ తెలిసి కూడా ప్రతి ఆదివారం నాకు చెయ్యి కలిపాడు. క్షమించాను అని ఆ రోజు అనలేదు, టైం పడుతుంది అన్నా అన్నాడు, నిజం చెప్పినందుకు నాకు అతని మీద గౌరవం పెరిగింది. కమిటీలో కూడా జరిగింది చెప్పాను. అక్కడ ఎక్కువ మాటలు రాలేదు, ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

ఇప్పుడు ఇంట్లో ప్రార్థన చాలా చిన్నగా ఉంటుంది. కొన్నిసార్లు రెండు వాక్యాలు, మధ్యలో ఆగిపోతాను, మాట దొరకదు, అప్పుడు నా భార్య అందుకుంటుంది. బైబిల్ అంచున మళ్ళీ పెన్సిల్‌తో రాస్తున్నాను, వాక్యం చెప్పడానికి తయారయ్యే నోట్స్ వేరే పుస్తకంలో పెట్టుకున్నాను, రెండూ కలవకుండా. రాత్రి 20 నిమిషాలు కొన్ని వారాలు కుదురుతుంది, కొన్ని వారాలు వదిలేస్తాను, వదిలేసిన వారం నాకు తెలియదు, ఇంట్లో వాళ్ళకి తెలుస్తుంది.

పోయిన నెల యవనస్థుల కూడికలో మొదటిసారి ఆ తమ్ముడు వాక్యం చెప్పాడు. నేను వెనక వరసలో కూర్చున్నాను. మధ్యలో ఒక రిఫరెన్స్ తప్పు చెప్పాడు, అధ్యాయం ఒకటైతే ఇంకోటి అన్నాడు, నా చెయ్యి పెన్ను దగ్గరికి వెళ్ళిపోయింది, నోట్ చేసుకుని తర్వాత చెబుదామని. పెన్ను తీసి పక్కన కూర్చున్న అబ్బాయికి ఇచ్చేశాను. వాడు ఎందుకన్నా అన్నట్టు చూశాడు. ఉంచుకో అన్నాను, మళ్ళీ వినడం మొదలుపెట్టాను.